సఫారీ వెనకటి కథ



సఫారీ అనగానే మా ఈడువాళ్ళకు మొదట గుర్తుకు వచ్చేది సింహం కాదు, సూటు. నా చిన్నతనంలో మా బళ్ళారిలో తహశీల్దారుగారు, బ్యాంకు మేనేజరుగారు, పెళ్ళిపందిట్లో పిల్లనిచ్చిన మామగారు, అందరూ సఫారీ సూట్లలోనే కనిపించేవారు. పొట్టిచేతుల చొక్కా, దానికి నాలుగు జేబులు, అదే గుడ్డతో ప్యాంటు. అది ఆఫ్రికా అడవుల్లో తిరగడానికి తెల్లదొరలు కుట్టించుకున్న బట్టల తీరు అని మాకు అప్పుడు ఎవరూ చెప్పలేదు. మా అక్కగారి భర్త, మా బావ, రైల్వేలో పదవీ విరమణ చేసినరోజు నీలంరంగు సఫారీ సూటే వేసుకున్నారు. ఆయన గ్యాంగ్‌మన్‌గా చేరి గ్యాంగ్ మేట్‌గా దిగిన మనిషి. గుంతకల్లు, బళ్ళారి, హొసపేటె దారిలో ఆయన సుత్తి తగలని పట్టా లేదంటే అతిశయోక్తి కాదు.

ఆ బావ పోయిన దసరాకు మా ఇంటికి వచ్చి ఒక విషయం చెప్పారు. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న వాళ్ళ అమ్మాయి అమ్మనూ నాన్ననూ ఆఫ్రికా సఫారీకి పంపిస్తానని పట్టుపట్టిందట. "ఏమప్పా అయివారా, నువ్వు బడిలో తెలుగూ, సంఘపాఠమూ రెండూ చెప్పేవాడివి కదా. అంతదూరం పోతే ఏం చూడల్ల? సింహమైతే బన్నేరుఘట్టలోనే చూసినాము కదా" అన్నారు. నేను ఆఫ్రికా చూసినవాణ్ణి కాను. అయినా అడిగింది బావ. అందుకని పుస్తకాలు ముందేసుకుని ఒక నెల చదివాను. చదివినకొద్దీ చూడవలసినవాటి జాబితా తగ్గి, తెలుసుకోవలసినవాటి జాబితా పెరిగింది. ఆ సంగతులే ఈనాడు మీతో పంచుకుంటాను. మీ ఇళ్ళలోనూ పిల్లలు ఇలాంటి టిక్కెట్లు కొనిపెట్టే కాలం వచ్చింది కదా.

మొదట మాట సంగతి. సఫారీ అన్నది తూర్పు ఆఫ్రికా తీరంలో పుట్టిన స్వాహిలీ భాషలోని మాట. దాని అర్థం ప్రయాణం, అంతే. పెళ్ళికి పోయినా సఫారీయే, సంతకు పోయినా సఫారీయే. మూలం అరబ్బీ 'సఫర్'. మన దక్కనీ మాట్లాడేవాళ్ళ నోట ఈ మాట మీరు రోజూ వింటారు. స్వాహిలీలో ఇలాంటి చుట్టాలు మనకు ఇంకా ఉన్నారు. అంగడిని వాళ్ళు 'దుకా' అంటారు, మన దుకాణమే. బండిని 'గారి' అంటారు, అది హిందీ గాడీ. రైలును 'గారి లా మోషి' అంటారు. మోషి అంటే పొగ. గారి లా మోషి అంటే అచ్చంగా మన పెద్దలు చెప్పిన పొగబండి! కన్నడంలో హొగెబండి, తమిళంలో పుగైవండి. ఇనుపదారి మీద పొగ కక్కుతూ వచ్చినదాన్ని చూసి ఇంత దూరదూరాన ఉన్న మనుషులు ఒకే పేరు పెట్టుకున్నారు. ఈ సంగతి చెప్పినప్పుడు మా బావ ముఖం చూడాలి మీరు. 'సింబా' అంటే సింహమని విని, అది మన సింహం నుంచే వచ్చిందా అని మా పిల్లలు అడుగుతుంటారు. కాదు. అది బంటూ భాషల సొంత మాట. అన్నిటికీ మనమే మూలమనుకోవడం ఒక జబ్బు. బడిలో దాన్ని మొదట్లోనే తుంచేయాలని నా అభిప్రాయం.

పందొమ్మిదో శతాబ్దంలో సఫారీ అంటే బిడారు. ఇప్పటి టాంజానియా తీరంలో, జాంజిబార్ దీవికి ఎదురుగా, బగమోయో అనే రేవు ఉంది. అక్కడినుంచి టాంగన్యీకా సరస్సుదాకా నెలల తరబడి నడిచిపోయే వర్తకుల బిడార్లు బయలుదేరేవి. ఎద్దులూ గుర్రాలూ ఆ దారిలో బతకవు. సీసీ ఈగ కుట్టి నిద్రజబ్బు వంటి రోగంతో చస్తాయి. కాబట్టి బరువంతా మనుషుల తలలమీదే. న్యామ్‌వేజీ జాతివారు ఈ మోతపనిలో పేరుపడ్డవారు. పోయేటప్పుడు గుడ్డలు, పూసలు, రాగితీగ. వచ్చేటప్పుడు ఏనుగు దంతాలు. దంతాలతోపాటు గొలుసులు వేసిన బానిసలు కూడా. జాంజిబార్‌లో బానిసల సంత 1873లో మూతపడింది.

ఈ వ్యాపారంలో మనదేశం పాత్రను దాచుకోవలసిన పనిలేదు. జాంజిబార్ సుల్తాను సుంకాల వసూలును చాలాకాలం గుత్తకు తీసుకున్నది కచ్ఛ్‌నుంచి వెళ్ళిన జైరామ్ శివ్‌జీ అనే వర్తక సంస్థ. బిడార్లకు పెట్టుబడి అప్పుగా ఇచ్చినవారిలో గుజరాతీ షాహుకార్లు ముఖ్యులు. తూర్పు ఆఫ్రికా దంతంలో పెద్దభాగం బొంబాయి రేవులో దిగేది. అందులో కొంత పెళ్ళికూతుళ్ళ చేతి గాజులయ్యేది. ఏనుగులు ఎందుకు తగ్గిపోయాయి అని అడిగేటప్పుడు ఆ గాజుల్ని కూడా తలుచుకోవాలి.

ఇక్కడ ఒక మనిషి కథ చెప్పకుండా ముందుకు పోలేను. ఆయన పేరు సీదీ ముబారక్ బొంబాయి. చిన్నప్పుడే బానిసగా పట్టుబడి, సముద్రం దాటి మన పడమటి తీరానికి అమ్ముడుపోయాడు. యజమాని చనిపోయాక విడుదలై తిరిగి ఆఫ్రికా చేరాడు. మనదేశంలో నేర్చుకున్న హిందుస్తానీయే ఆయనకు అన్నం పెట్టింది. భారత సైన్యంలో పనిచేసి వచ్చిన బర్టన్, స్పీక్ దొరలు 1857లో పెద్ద సరస్సులు వెతకడానికి బయలుదేరినప్పుడు వాళ్ళతో మాట్లాడగలిగినవాడు ఈయనే. తర్వాత స్టాన్లీ వెంట కూడా నడిచాడు. సరస్సులను 'కనిపెట్టినవారు' అని మనం బడిలో చదువుకున్నవి దొరల పేర్లు. దారి చూపినవాడి పేరులో మాత్రం మన బొంబాయి ఉండిపోయింది. మా కర్ణాటకలో యల్లాపుర, హళియాళ అడవుల్లో ఉన్న సిద్దీలు ఇలా సముద్రం దాటి వచ్చినవారి సంతతే. హైదరాబాదులో ఏ.సీ. గార్డ్స్ అని బస్సు కండక్టరు అరిచేచోట దిగేవారు ఎందరో ఉంటారు. ఆ రెండక్షరాలు నిజాంగారి ఆఫ్రికన్ కావల్రీ గార్డ్సు అనే గుర్రపుదళానివి.

ఇక మా బావకు నచ్చిన భాగానికి వస్తాను. 1896లో ఇంగ్లీషువాళ్ళు మొంబాసా రేవునుంచి విక్టోరియా సరస్సుదాకా రైలుదారి వేయడం మొదలుపెట్టారు. దాని పేరు ఉగాండా రైల్వే. అయితే వేసిన దారంతా నేటి కెన్యాలోనే ఉంది. మీటరు గేజి. అంటే 1990లకు ముందు మా గుంతకల్లు, బళ్ళారి, హుబ్బళ్ళి దారిలో ఉన్న గేజే. పని చేసినవారు సుమారు 32,000 మంది భారతీయ కూలీలు. ఎక్కువమంది పంజాబువారు. కరాచీ రేవులో ఎక్కించి మొంబాసాలో దించారు. 1901లో పట్టా సరస్సు ఒడ్డును తాకేనాటికి వారిలో సుమారు 2,500 మంది చనిపోయారు. దారి పొడవు దాదాపు 930 కిలోమీటర్లు. లెక్క వేసుకోండి, కిలోమీటరుకు ఇద్దరికి పైగా. మలేరియా, విరేచనాలు, కురుపులు, ప్రమాదాలు. "ఒక స్లీపరు వేయడమంటే ఏమిటో తెలిసినవాడికే తెలుస్తుందప్పా" అన్నారు బావ. ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

ఆ దారిలో సావో అనే నది ఉంది. 1898లో దానిమీద వంతెన కట్టేటప్పుడు జూలులేని రెండు మగసింహాలు గుడారాల్లో పడి మనుషుల్ని ఈడ్చుకుపోవడం మొదలుపెట్టాయి. నెలల తరబడి ఇదే వరస. ముళ్ళకంప కట్టారు, మంటలు వేశారు, డబ్బాలు మోగించారు. ఏదీ పనిచేయలేదు. చివరికి కూలీలు పట్టాలమీద పడుకుని, వచ్చే గూడ్సుబండిని ఆపి, అందులో ఎక్కి వెళ్ళిపోయారు. పని మూడువారాలు నిలిచిపోయింది. వంతెన ఇంజనీరు ప్యాటర్సన్ డిసెంబరులో రెండు సింహాల్నీ కాల్చాడు. 1907లో ఆయన రాసిన పుస్తకం లోకమంతా అమ్ముడుపోయింది. సింహాల చర్మాలు ఇరవై అయిదేళ్ళు ఆయన ఇంట్లో నేలమీద పరుపులుగా పడి ఉండి, 1924లో షికాగోలోని ఫీల్డ్ మ్యూజియానికి అమ్ముడయ్యాయి. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

ఎంతమందిని తిన్నాయి అన్నదాంట్లోనే అసలు చరిత్ర ఉంది. ప్యాటర్సన్ తన పుస్తకంలో భారతీయ కూలీలు 28 మంది అని లెక్క చెప్పాడు. ఆఫ్రికన్ కూలీలు ఎందరో పోయారనీ, వాళ్ళ లెక్క ఎవరూ రాసి ఉంచలేదనీ కూడా ఆయనే రాశాడు. తర్వాత మొత్తం 135 అన్నాడు. 2009లో శాస్త్రజ్ఞులు ఆ సింహాల వెంట్రుకలనూ ఎముకలనూ పరీక్షించి, సుమారు 35 మందిని తిని ఉంటాయని అంచనా వేశారు. చంపినవన్నీ తిన్నట్టు కాదు కాబట్టి ఈ అంచనా ఒక్కటే వాదు తీర్చదు. నేను బడిలో హాజరుపట్టీ రాసేవాణ్ణి. పట్టీలో పేరు ఉన్నవాడు రాకపోతే ఎందుకు రాలేదని అడుగుతాం. పట్టీలోనే లేనివాడు రాకపోతే అడిగేవాడు ఎవడు? మనవాళ్ళు 28 మంది పట్టీలో ఉన్నారు, కూలి లెక్కకోసమైనా. ఆ నేల ఎవరిదో వాళ్ళకు ఆ పాటి గీత కూడా దక్కలేదు.

పని ముగిశాక చాలామంది కూలీలు ఇంటిదారి పట్టారు. 6,700 మంది చిల్లర అక్కడే నిలిచారు. కూలీలను సరఫరా చేసిన కరాచీ గుత్తేదారు ఎ.ఎం. జీవన్‌జీ పేరుతో నైరోబీ నడిబొడ్డున నేటికీ ఒక తోట ఉంది. 1920 వరకు ఆ దేశంలో చెలామణీ అయినది మన రూపాయే. నైరోబీ అన్న ఊరే 1899లో రైల్వే సామాన్లు దించుకునే మజిలీగా పుట్టింది. రైలు లేకపోతే ఊరు లేదు. ఊరు లేకపోతే ఈనాటి సఫారీ కూడా లేదు.

అదెలాగంటే, రైలు వచ్చాక వేటగాళ్ళు వచ్చారు. వీరిలో పెద్దపేరు అమెరికా అధ్యక్ష పదవినుంచి 1909లో దిగిన థియొడోర్ రూజ్‌వెల్టుది. దిగిన కొన్ని వారాలకే మొంబాసాలో తేలాడు. ఇంజను ముందుభాగాన బల్ల వేయించుకుని, దానిమీద కూర్చుని జంతువుల్ని చూస్తూ ప్రయాణం చేశాడు. వెంట సుమారు 250 మంది కూలీలు. తోళ్ళు ఊరవేయడానికి నాలుగు టన్నుల ఉప్పు. పదినెలలకు పైగా తిరిగి, తండ్రీకొడుకులిద్దరే 512 జంతువుల్ని చంపారు. సైన్సుకోసం అన్నారు. నిజమే, 11,000కు పైగా నమూనాలు స్మిత్సోనియన్ సంస్థకు చేరాయి. కానీ ఆ పుస్తకం చదివి తర్వాత వచ్చిన ధనవంతులు సైన్సుకోసం రాలేదు. గోడకు తగిలించుకునే తలల కోసం వచ్చారు. 'బిగ్ ఫైవ్' అని సఫారీ కంపెనీలవాళ్ళు రంగుబొమ్మల కాగితాలమీద వేస్తారే, సింహం, చిరుత, ఏనుగు, ఖడ్గమృగం, అడవిదున్న, అవి అందంలో మొదటి అయిదు కావు. కాలినడకన వేటాడటానికి మహాప్రమాదమైన అయిదు. తుపాకి పోయింది గాని మాట పోలేదు.

ఆ బరువులు మోసినవారి సంతతికి మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంకా పెద్ద మోత తగిలింది. జర్మన్లమీద యుద్ధానికి ఇంగ్లీషువాళ్ళు తూర్పు ఆఫ్రికాలో లక్షలమందిని మోతకూలీలుగా పట్టారు. వారిలో చచ్చినవారు లక్షకు దగ్గర. తిండిలేక, రోగాలతో. ఆ దళాన్ని క్యారియర్ కోర్ అనేవారు. నైరోబీలో కరియాకోర్, దారెస్సలాంలో కరియాకూ అని సందడిగా ఉండే పేటలున్నాయి. ఆ పేర్లు అక్కడివే.

ఇంతకూ ఈ అడవులన్నీ మనిషి ఎరగని అడవులా? చలనచిత్రాల్లో అలాగే చూపిస్తారు. 1887 ప్రాంతంలో రిండర్‌పెస్ట్ అనే పశువుల మహమ్మారి ఎర్రసముద్రం ఒడ్డున దిగింది. ఇటలీ సైన్యం కోసం తెచ్చిన పశువులతో, బహుశా మనదేశపు పశువులతోనే, వచ్చిందని చరిత్రకారులు చెబుతారు. పదేళ్ళలో అది ఖండం దక్షిణపు అంచును తాకింది. పశువులే బతుకైన మసాయీల మందలు తుడిచిపెట్టుకుపోయాయి. కరువూ, మశూచీ తోడై మనుషులూ పోయారు. తెల్లవారు వచ్చి చూసి, ఇది ఖాళీ నేల అనుకున్నారు. ఇల్లు కాలినవాడి స్థలం చూసి బయలు అనుకున్నట్టు. తర్వాత 1904లోనూ 1911లోనూ ఒప్పందాల పేరుతో మసాయీలను మంచి మేత బీళ్ళనుంచి తరలించారు. ఆ బీళ్ళు తెల్లవారి పొలాలయ్యాయి.

పార్కుల కాలం తర్వాత వచ్చింది. నైరోబీ నేషనల్ పార్కు 1946లో, సావో 1948లో, టాంజానియాలోని సెరెంగెటి 1951లో. సెరెంగెటి అన్నమాట మసాయీ భాషది. అంతులేని బయలు అని అర్థం. విస్తీర్ణం 14,763 చదరపు కిలోమీటర్లు. మన బండీపురంవంటివి పదిహేను పట్టినా ఇంకా చోటు మిగులుతుంది. అక్కడ పశువులు కాచుకుంటున్న మసాయీలను 1959లో గొరొంగొరో వైపు పంపించారు, అక్కడ మీరూ మృగాలూ కలిసి ఉండవచ్చునని చెప్పి. అదే ఏడు జనవరిలో, ఆ బయలుమీద జంతువుల్ని విమానంనుంచి లెక్కపెడుతున్న మైఖేల్ గ్రిజిమెక్ అనే జర్మన్ యువకుడు విమానం కూలి చనిపోయాడు. తండ్రి బెర్న్‌హార్డ్ కొడుకుతో కలిసి తీసిన చిత్రానికి ఆస్కారు వచ్చింది. ఆ చిత్రంవల్ల సెరెంగెటి ప్రపంచానికి తెలిసింది. అది బతకడానికి ఆ తండ్రీకొడుకులు చేసినది తక్కువ కాదు. అయితే ఆ బయలులో మనుషులకు చోటులేదనే భావం కూడా అప్పుడే గట్టిపడింది. 2022 జూన్‌లో లోలియోండో ప్రాంతంలో 1,500 చదరపు కిలోమీటర్లకు ప్రభుత్వం హద్దురాళ్ళు పాతినప్పుడు మసాయీలకూ పోలీసులకూ ఘర్షణ జరిగింది. అంటే ఈ కథ పుస్తకాల్లో ముగిసిపోయినది కాదు.

మన నాగరహొళెలో జేను కురుబలూ, నల్లమలలో చెంచులూ ఇదే మాట అంటారు. మీరు అడవిని కాపాడతామని వచ్చారు, మేము ఎక్కణ్ణుంచి వచ్చామనుకున్నారు, అని. రెండేళ్ళ కిందట మా బడిపిల్లల్ని కబిని ఒడ్డుకు తీసుకుపోయాను. జీపులో మాకు ఏనుగుల గుంపును చూపించిన కుర్రవాణ్ణి మీ ఊరు ఏది అని పిల్లలు అడిగితే, జీపు నడుస్తున్న దారివైపే చేయి చూపించాడు. పిల్లలకు అర్థం కాలేదు. నాకు అయింది గాని అప్పుడు చెప్పలేకపోయాను.

దక్షిణాఫ్రికా సంగతి క్లుప్తంగా చెబుతాను. అక్కడ మన తెలుగువారి నిజమైన బంధుత్వం ఉంది కాబట్టి. 1860 నవంబరు 16న మద్రాసునుంచి ట్రూరో అనే ఓడ దర్బన్ చేరింది. ఆనాటినుంచి 1911 వరకు చెరుకుతోటలకు లక్షన్నర మంది కూలీలు వెళ్ళారు. చిత్తూరు, విశాఖపట్నం, గంజాం వైపునుంచి పోయిన తెలుగువారు అందులో ఎందరో. 1931లో వాళ్ళు ఆంధ్ర మహాసభ స్థాపించుకున్నారు. మనమూ రాష్ట్రం హద్దుకు ఇవతల ఉండి తెలుగు నిలుపుకుంటున్నవాళ్ళమే కాబట్టి, ఆ పేరు విన్నప్పుడు నాకు దగ్గరివాళ్ళ కబురు విన్నట్టు ఉంటుంది. ఆ దేశంలో క్రూగర్ నేషనల్ పార్కు 1926లో ఏర్పడింది. కానీ వర్ణవివక్ష నడిచిన దశాబ్దాల్లో అక్కడ నల్లవారికీ, భారతీయులకూ రాత్రి ఉండటానికి బాలూలే అనే చిన్న శిబిరం తప్ప దాదాపు వేరే బస లేదు. మృగాలకు లేని రంగు పట్టింపు చూడవచ్చిన మనుషులకు ఉండింది. మన పాస్‌పోర్టుమీద దక్షిణాఫ్రికా ప్రయాణానికి చెల్లదని ముద్ర ఉండేది. దౌత్య సంబంధాలు మళ్ళీ 1993లో మొదలయ్యాయి.

తుపాకి స్థానంలో కెమెరా రావడానికి కారణం మనసు మారడం ఒక్కటే కాదు, జంతువులు అయిపోతుండటం కూడా. కెన్యా 1977లో వేటను నిషేధించింది. అయినా దొంగవేట ఆగలేదు. 1973లో అక్కడ సుమారు 1,67,000 ఏనుగులు ఉంటే 1989నాటికి 16,000 మిగిలాయి. ఆ ఏడు జూలైలో అధ్యక్షుడు మోయి 12 టన్నుల దంతానికి స్వయంగా నిప్పు పెట్టాడు. కోట్ల సరుకును కాల్చడమేమిటని ఆక్షేపించినవారున్నారు. అమ్మితే కొనేవాడు ఇంకా కావాలంటాడని జవాబు. అదే ఏడు అంతర్జాతీయ దంతవ్యాపారాన్ని నిషేధించాలని దేశాలు తీర్మానించాయి. నాకు ఆ జవాబే సరైనదనిపిస్తుంది.

ఇన్ని చెప్పాక మా బావ, "అయితే పోవద్దంటావా?" అన్నారు. అలా అనలేదు. పార్కు రుసుముతోనే అక్కడ కాపలాదారుల జీతాలు నడుస్తాయి. మనం పోకపోతే పశువుల బీడు మళ్ళీ మసాయీలకు రాదు, గోధుమపొలం కావచ్చు. పోతే ఎలా పోవాలన్నదే మాట. మసాయి మారా చుట్టూ 2000ల తర్వాత కన్సర్వెన్సీలని వెలిశాయి. అక్కడ నేల మసాయీ కుటుంబాలదే. విడుదులవాళ్ళు నెలనెలా కౌలు చెల్లిస్తారు, జీపుల సంఖ్యకు పరిమితి ఉంటుంది. కొంచెం ఖరీదు ఎక్కువ. అమ్మాయి మొదట కట్టబోయిన పెద్ద హోటలు మాని, రెండు రాత్రులు తగ్గించి, ఇలాంటిచోట బస చేయమన్నాను. బావకు ఈ కౌలు సంగతి వెంటనే ఎక్కింది. వాళ్ళ నాన్నగారు కౌలురైతు.

నెల ఏదన్నది తర్వాతి చర్చ. లక్షల విల్డబీస్టులు మారా నది దాటే దృశ్యం కావాలంటే జూలై, అక్టోబరు మధ్య పోవాలి. ఖర్చూ, జీపుల రద్దీ కూడా అప్పుడే ఎక్కువ. మార్చి చివరినుంచి మే వరకు పెద్దవానలు. జనవరి, ఫిబ్రవరి పొడికాలం. గడ్డి పొట్టిగా ఉండి జంతువులు బాగా కనిపిస్తాయి. ఫిబ్రవరి ఖాయం చేశారు. 2024 జనవరిలో కెన్యా వీసా తీసివేసి ఈటీఏ అనే అనుమతి పెట్టింది. ఇంటినుంచే కంప్యూటరులో పెట్టుకోవచ్చు. 2017నుంచి ఆ దేశంలో ప్లాస్టిక్ సంచులు నిషిద్ధం. మన ఆడవాళ్ళు ఊరగాయ సీసాను మూడు క్యారీబ్యాగుల్లో చుట్టే అలవాటు అక్కడ చెల్లదు. అక్క ఇప్పటికే గుడ్డసంచులు కుట్టిస్తోంది. శాకాహారం గురించి బెంగ అక్కర్లేదు, చపాతీ అక్కడ ఇంటిమాట.

అసలు చిక్కు టీకాతో వచ్చింది. కెన్యానుంచి తిరిగి వచ్చేవారికి పచ్చజ్వరం, అదే యెల్లో ఫీవర్, టీకా పత్రం లేకపోతే మనదేశంలో దిగగానే ఆరురోజులదాకా వేరుగా ఉంచవచ్చు. కుట్టించుకుని పదిరోజులు గడిస్తేనే పత్రం చెల్లుతుంది. ఒకసారి కుట్టించుకుంటే జన్మంతా చాలని 2016లో నియమం మారింది. కానీ అరవై దాటినవారికి మొదటిసారి ఈ టీకా వేసేముందు డాక్టర్లు తటపటాయిస్తారు, అరుదుగానైనా వికటించే ప్రమాదం వాళ్ళకు ఎక్కువ కాబట్టి. బావకు అరవై ఆరు. ఏజెంటు ఈ సంగతి మాటమాత్రంగానైనా చెప్పలేదు, డబ్బు మాత్రం సగం ముందే కట్టించుకున్నాడు. డాక్టరుగారు రక్తపరీక్షలు చేయించి, పాతజబ్బులన్నీ అడిగి, వారం తర్వాత సరేనన్నారు. ఆ వారం మా అక్క నిద్రపోలేదు. మీలో పెద్దవయసువారు ఎవరైనా బయలుదేరదలిస్తే డబ్బు కట్టకముందే డాక్టరును అడగండి. మలేరియా మాత్రల సంగతి కూడా అప్పుడే అడగండి.

ఇక సఫారీ సూటు. పెట్టెలోనుంచి తీసి, "ఇదే వేసుకుని పోదామనుకున్నా" అన్నారు బావ. నీలంరంగు, నలుపు సీసీ ఈగను పిలిచి కుట్టించుకునే రంగులు. దాన్ని పట్టే బోనులకు నీలిగుడ్డే కడతారు. చెప్పేసరికి అక్క ఆ సూటు మళ్ళీ మడిచి పెట్టెలో పెట్టింది. ఖాకీ చొక్కాలు రెండున్నాయి, రైల్వేవి.

ప్రయాణం ఇలా కుదిరింది. మొదట మొంబాసా. అక్కడినుంచి నైరోబీకి 2017లో చైనావాళ్ళు వేసిన కొత్త పట్టామీద రైలు. అది సావో పార్కు మధ్యగా పోతుంది. ఏనుగులు కిందినుంచి దాటడానికి కట్టకు అడుగున దారులు విడిచారు. కిటికీనుంచి చూస్తే కొన్నిచోట్ల పక్కనే పాత మీటరు గేజి కనిపిస్తుందట. తర్వాత నైరోబీలో రైల్వే మ్యూజియం. 1900లో కిమా స్టేషనులో సింహాన్ని కాల్చడానికి కాపు కాస్తూ నిద్రపోయిన రయాల్ అనే పోలీసు అధికారిని, సింహమే పెట్టెలోకి దూకి ఈడ్చుకుపోయింది. ఆ పెట్టె అక్కడ ఉంది. ఆ తర్వాత మారాలో మూడు రాత్రులు. సింహాలు కనిపిస్తే కనిపిస్తాయి.

పోయిన ఆదివారం బావ ఫోను చేశారు. సావో వంతెన ఏ కిలోమీటరు దగ్గర వస్తుందో కనుక్కుని కాగితంమీద రాసి పంపమన్నారు. పగటి బండికే టిక్కెట్టు తీసుకోమని అమ్మాయికి చెప్పారట.